మేము పిలవని ఆరు రోజులు

నేను ఒక గిన్నెను. పది అడుగుల వెడల్పు, మూతి ఎప్పుడూ ఆకాశం వైపు. బతుకు మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి పన్నెండు ఇనుప కమ్మీలు, వాటి మీద బిగించిన కోళ్లగూటి వల, కింద ఒక సిమెంటు దిమ్మె, ఎదురుగా కర్ర మీద నిలబెట్టిన చిన్న డబ్బా. అంతే. గిన్నెనన్న మాటే గాని నాలో నీళ్లు నిలవవు, గింజలు ఆగవు, ఎండ కూడా కిందికి కారిపోతుంది. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగం ఒక్కటే నా వలకు చిక్కుతుంది. దాన్ని పోగుచేసి డబ్బాలో వెయ్యడం నా పని. సరుకు ఎవరిదో, ఎందుకు పంపారో అడిగే అలవాటు నాకు లేదు.

డెబ్బై అయిదో సంవత్సరంలో నన్ను కర్నూలు జిల్లాలో ఒక పల్లె బడి పక్కన నిలబెట్టారు. ఉపగ్రహం నుంచి బొమ్మ దించి ఊరికి చూపించాలని. సాయంత్రం అయ్యేసరికి ఊరంతా వచ్చి కూర్చునేది. వేరుసెనగకు ఏ మందు కొట్టాలో పెట్టెలో మనిషి చెబుతుంటే, ఆ మనిషి తొడుక్కున్న చొక్కా గురించి మాట్లాడుకునేవాళ్లు. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహాన్ని దాని సొంతదారులు వేరేచోటికి జరుపుకున్నారు. టీవీ మూగపోయింది. బడి నౌకరు నా మీదికి బీర తీగ పాకించాడు. పదకొండేళ్లలో నేను బొమ్మల కంటే బీరకాయలే ఎక్కువ ఇచ్చాను. మనుషులు నన్ను మెచ్చుకున్నదీ అందుకే.

అక్కడి నుంచి నన్ను దక్కించుకున్నవాడు మార్కాపురం పలకల వ్యాపారి ఇమ్మడిశెట్టి నాగభూషణం. బడికి రెండు వందల పలకలు దించి, బదులుగా నన్ను లారీ ఎక్కించాడు. తీగ తెంపకుండా, ఉన్న కాయలు కూడా కోసుకుని మరీ ఎక్కించాడు. అప్పుడే అర్థమైంది నాకు, మంచి చేతిలో పడ్డానని.

ఆయన నన్ను కొన్నది తన కోసం కాదు, అక్క కోసం. అక్క పేరు కన్యకమ్మ. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. పెళ్లి కాలేదు. పలకల కార్ఖానా పెరట్లో ఒక గది, ముందు వసారా, వసారాలో బల్ల మీద రేడియో సెట్టు, అదీ ఆమె లోకం. లైసెన్సు తమ్ముడి పేరున ఉండేది, చెవి ఆమెది. సైన్యంలో తంతి పని చేసి వచ్చిన సత్యానందం మాస్టారు ఆమెకు టకటకల భాష నేర్పాడు. ఒక తుఫానులో మునిగిన లంక ఊరి కబురు జిల్లా అంతటికీ అందకపోతే, గరగర చప్పుళ్ల మధ్య నుంచి దాన్ని ఏరి చెప్పింది ఆమే. పడవలు వెళ్లాయి. నాటి నుంచి కన్యకమ్మ విన్నానంటే విన్నట్టే అని ఊరు ఒప్పుకుంది. చూపు లేని మనిషికి అంతకు మించిన ఆస్తి ఏముంటుంది? పోతే మళ్లీ సంపాదించలేనిది కూడా అదొక్కటే.

ఆకాశంలో ఎవరైనా ఉన్నారేమో పిలిచి చూడాలన్న కోరిక ఆమెకు ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలియదు. తమ్ముడి చేత పుస్తకాలు చదివించుకుని, సూర్యుడిలాంటిదీ, మరీ దూరం కానిదీ అయిన ఒక చుక్కను ఎంచుకుంది. నది ఆకారంలో ఉన్న చుక్కల గుంపులో ఉంటుంది కనుక వైతరణి అని పేరు పెట్టుకుంది.

"అదేం పేరక్కా, పొద్దున్నే!" అన్నాడు భూషణం.

"నది పేరేగా. దాటేవాళ్లకే భయం. నేను గట్టున కూచుని కేకేస్తా, అంతే."

ఇక్కడి కేక అక్కడికి చేరడానికి పదిన్నరేళ్లు. జవాబు రావడానికి మరో పదిన్నరేళ్లు. భూషణం వేళ్ల మీద లెక్కవేసి, "ఇంత ఆలస్యంగా జవాబిచ్చే ఖాతాదారుణ్ని నేనెప్పుడూ పెట్టుకోలేదు" అన్నాడు. అన్నాడే గాని నన్ను దిమ్మె మీద నిలబెట్టించి, మెడ తిప్పడానికి పళ్లచక్రం కూడా పెట్టించాడు.

నా మెడ ఒక దిక్కుకు బిగించి వదిలేస్తే, భూమి తిరుగుతుంది గనుక ఆ చుక్క రోజుకొకసారి నా మూతి ముందుకు వస్తుంది. పావుగంట ఉండి దాటిపోతుంది. మర్నాడు నాలుగు నిమిషాలు ముందుగా వస్తుంది. ఆ రోజుల్లో అది పొద్దున పది దాటాక వచ్చేది. పగలైనా చుక్కలు ఉన్నచోటే ఉంటాయి, చూడలేనిది మనుషులే. కన్యకమ్మకు ఆ తేడా ఎలాగూ లేదు.

తొంభయ్యో సంవత్సరం జూన్, ఒక బుధవారం ఆమె మండలం పట్టింది. నలభై ఒక్క రోజులు, ఒంటిపూట భోజనం. మొదటి రోజు ఒక దెబ్బ, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, అలా నలభై ఒకటి దాకా. మాటలు తెలియనివాళ్లకు కూడా లెక్క తెలుస్తుందని ఆమె నమ్మకం. మీట మీద ఆమె చూపుడువేలు పడితే ఆ దెబ్బ డబ్బాలోంచి నా ఒళ్లంతా పరుచుకుని పైకి పోయేది. ఆ వేలి మీద ఒకప్పుడు పలకల కట్ట పడింది. అందుకని ప్రతి మూడో దెబ్బ తర్వాత వేలు రవ్వంత ఆగి ఊపిరి తీసుకునేది. సత్యానందం మాస్టారు నవ్వేవాడు. "ఎంతమంది మీటలు కొడుతున్నా మీ చెయ్యి ఇట్టే పట్టేస్తానమ్మా. మూడు కొట్టి కుంటుతుంది."

నాలుగో రోజు శనివారం. చుక్క వచ్చే వేళకు భూషణం గోడ మీది ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. రాహుకాలం.

"వాళ్ల లోకానికి మన రాహుకాలం ఏందిరా? వాళ్ల సూర్యుడే వేరు."

"సూర్యుడు వాళ్లదే అక్కా, కరెంటు నాది. ఇన్నేళ్లలో రాహుకాలంలో ఒక్క పలక గడప దాటించింది లేదు. నీ పిలుపు అంతకంటే పెద్ద సరుకు. మంచి ఘడియలోనే పోనీ."

"మూడు తర్వాత అయిదు పోతే లెక్క రానోళ్లనుకోరూ?"

"అనుకోనీ. తెలివి తక్కువోళ్లతో బేరమంటే ఎవురైనా ఉషారుగా వస్తారు."

అలా మూడు శనివారాలు పోయాయి: నాలుగు, పదకొండు, పద్ధెనిమిది. చుక్క రోజురోజుకూ ముందుకు జరిగి సోమవారం రాహుకాలంలో పడ్డాక మూడు సోమవారాలు పోయాయి: ఇరవై ఏడు, ముప్పై నాలుగు, నలభై ఒకటి. ఆఖరి రోజు కూడా అందులోనే పోయింది. ఆమె మీట మీద వేలు పెట్టుకుని, కరెంటు లేని సెట్టు ముందు ఆ పావుగంటా కూర్చుంది. "నలభై దాకా పిలిచి చెప్పకుండా తలుపేసుకున్నట్టుందిరా" అంది. భూషణం ఒక మేకు తెచ్చాడు. ఒక పలక మీద నలభై ఒక్క గళ్లు మేకుతో గీసి, పిలిచిన రోజుకు గాటు పెట్టి, పిలవని రోజును నున్నగా వదిలేసి ఆమె చేతికిచ్చాడు. ఆ వానాకాలంలోనే పిడుగు పడి పంపే సెట్టు మాడిపోయింది. వినే సెట్టు మిగిలింది.

ఇరవై ఏళ్లు ఎలా గడిచాయంటే, నా మీద వడియాలు ఎండాయి. కేబులు టీవీవాడు వచ్చి అడిగితే భూషణం ఇవ్వలేదు. బడిపిల్లల చేతుల్లో పలకలు పోయి నోటుపుస్తకాలు వచ్చాయి. భూషణం నేల బండల వ్యాపారంలోకి మారాడు. నా కమ్మీలకు రెండుసార్లు రంగు పడింది. మనుషులు నా కంటే తొందరగా తుప్పు పట్టారు. సత్యానందం మాస్టారికి కర్ర వచ్చింది, కన్యకమ్మకు మోకాళ్లు పోయాయి. రెండు వేల పదకొండు వేసవి వచ్చింది.

మే నెల నుంచే ఆమె రోజూ చుక్క వేళకు వసారాలో చేరింది. ఈసారి భూషణం ఫ్యూజు ముట్టుకోలేదు. రాహుకాలం పంపే సరుక్కేగాని వచ్చే సరుక్కు లేదని ఆయన శాస్త్రం. నేను తెచ్చి ఇచ్చిందల్లా గాలి హోరు. ఊళ్లో వాళ్లు దారిన పోతూ, "కన్యకమ్మగారింటికి పైనుంచి చుట్టాలొస్తారంట, బియ్యం నానబోశారా?" అని నవ్వుకునేవాళ్లు.

ఒక శనివారం నా మూతి ముందు ఆకాశం చల్లబడినట్టు తోచింది. అంతకు ముందు ఎన్ని తరంగాలు నా మీద పడ్డాయో లెక్కలేదు. అన్నీ నా మీద నుంచి దారిన పోయేవే. ఇది అలా కాదు. తలుపు తట్టే మనిషి ముందుగా గడప మీద నిలబడతాడే, అలా నిలబడింది. ఆ తర్వాత నాలుగు దెబ్బలు.

కన్యకమ్మ కదల్లేదు. మర్నాడు ఏమీ లేదు. ఆరు రోజులు హోరు. ఏడో రోజు పదకొండు దెబ్బలు.

ఆమె లోపలికి పోయి పలక తెచ్చుకుంది. గాట్ల మీద వేలు నడిపిస్తూ నున్నటి గళ్ల దగ్గర ఆగింది. తమ్ముణ్ని పిలిచింది.

"భూషణం, మనం పిలిచిన రోజులు కాదురా వాళ్లు పిలుస్తోంది. మనం పిలవని రోజులు. వచ్చే శనివారం పద్ధెనిమిది వస్తాయి. మాస్టారిని పిలిపించు."

ముందే చెప్పడం ఆమె చేసిన పొరపాటు. పద్ధెనిమిదీ వచ్చాయి. మాస్టారు కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు. మూడు దెబ్బలు, రవ్వంత ఆగడం. మళ్లీ మూడు, మళ్లీ ఆగడం. ఆయన ముఖం ముడుచుకుంది. భూషణాన్ని పెరట్లోకి, సరిగ్గా నా కిందికి తీసుకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"శెట్టిగారూ, ఇది పైనుంచి రాలేదు. మీ అక్కగారి చెయ్యి ఇది. నేను నేర్పిన చెయ్యి నాకు తెలవదా? కుంటు కూడా అదే."

"మా అక్క అబద్ధమాడిందంటారా?"

"అబద్ధమని కాదు. ఇరవయ్యేళ్లు ఎదురు చూశారు. ఏమీ రాకపోతే తట్టుకోలేక, ఏ వైరో కలిపి తానే కొట్టుకుంటున్నారేమో."

చూపు లేనివాళ్ల దగ్గర గొంతు తగ్గిస్తే వినబడదనుకోవడం మనుషుల్లో మామూలే. కన్యకమ్మ వసారాలోంచే అంది, "మాస్టారూ, మీట పట్టుకుపోండి. సెట్టూ పట్టుకుపోండి. నా వేళ్లు ఉంటే అయ్యీ పట్టుకుపోండి."

మాట ఎలా పొక్కిందో గాని వారం తిరక్కుండా ఊరంతా పాకింది. గుడ్డి శెట్టెమ్మ తనకు తానే టెలిగ్రాములు కొట్టుకుంటోందట. ఆ తుఫాను కబురు కూడా అప్పుడు నిజంగా విన్నదేనా అని ఒకడు అనుమానం పెట్టాడు. అది ఆమె చెవిన పడింది. ఇరవై ఏడు వచ్చిన సోమవారం ఆమె విని ఎవరికీ చెప్పలేదు. ముప్పై నాలుగు వచ్చిన రోజున వసారాలో ఎవరూ లేరు. సెట్టు ఆపేసి ఉంది, ఆమె గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ముప్పై నాలుగూ నా ఒక్కడి మీదే పడ్డాయి. అవి పడుతున్నంత సేపూ నా మీద వాలిన పావురాలు రెక్క కదపలేదు.

ఆఖరి సోమవారానికి ముందు రోజు భూషణం గదిలోకి పోయి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"రేపటిది ఒక్కటుందిగా అక్కా."

"ఉంటే?"

"మాస్టారు సొంత సెట్టు తెస్తాడు. మన వైర్లన్నీ ఊడబెరికి ఆయనే కలుపుతాడు. నీ చేతులు నేను పట్టుకుంటా."

ఆమె ఇటు తిరిగి పడుకుంది. "నాలుగూళ్ల వాళ్లు నమ్మకపోయినా ఏం కాదురా. నువ్వు నమ్మకపోవడమే..." అని ఆగి, "సరే. పట్టుకో" అంది.

మర్నాడు అలాగే జరిగింది. మాస్టారు తెచ్చిన సెట్టు బల్ల మీద, దాని వైరు నా డబ్బాలోకి. అక్కాతమ్ముళ్లు వసారా మెట్టు మీద ఎదురెదురుగా. ఆమె రెండు చేతులూ ఆయన గుప్పిళ్లలో. చుక్క వేళ అయింది. ఆకాశం చల్లబడింది. ఆ చలి ఈసారి వాళ్లకు కూడా తగిలినట్టుంది, మాస్టారు కండువా భుజాల మీదికి లాక్కున్నాడు.

మొదటి దెబ్బ.

భూషణం బొటనవేలితో ఆమె అరచేతిలో నొక్కాడు. రెండో దెబ్బకు మళ్లీ నొక్కాడు. పలకలు లెక్కపెట్టేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది: లెక్క తప్పకుండా అయిదోదాన్ని కాసేపు ఎక్కువ నొక్కి పట్టి, అప్పుడు ఆరోదానికి పోతారు. ఆయన అలాగే లెక్కపెట్టాడు. ఆయన గుప్పిట్లో ఆమె వేళ్లు మాత్రం చచ్చినట్టు పడి ఉన్నాయి. బల్ల మీద సెట్టులో ఆమె చెయ్యి కొడుతూనే ఉంది, మూడు కొట్టి ఆగుతూ, మూడు కొట్టి ఆగుతూ.

ఇరవై వినగానే మాస్టారు కర్ర వదిలేసి పెరట్లోకి వచ్చాడు. నా పళ్లచక్రం పట్టుకుని మెడ పక్కకు తిప్పేశాడు. అంతా ఈ పెరట్లోనే జరుగుతుంటే గిన్నె ఎటు తిరిగినా చప్పుడు ఆగకూడదు. ఆగింది. నా ముందు వట్టి ఆకాశం, వట్టి హోరు. ఆయన చేతిగడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు నిలబడి, మళ్లీ మెడను ఉన్నచోటికి తెచ్చాడు.

అది గడప మీదే నిలబడి ఉంది. ఒక్క క్షణం తర్వాత దెబ్బ పడింది.

"ఎన్నండీ?" మాస్టారు అక్కడి నుంచే అరిచాడు. "మధ్యలో పోయినయ్యి పోగా ఎంత నుంచి మొదలైంది?"

భూషణం తల ఎత్తకుండా వేలు నొక్కుతూనే ఉన్నాడు. కొంతసేపటికి చప్పుడు ఆగింది. చుక్క దాటిపోయింది.

"నలభై ఒకటి" అన్నాడు భూషణం. "ఏదీ పోలా మాస్టారూ. ఇరవై తర్వాత ఇరవై ఒకటే వచ్చింది. మీరు తిప్పినంత సేపూ ఆగింది."

మాస్టారు నా దిమ్మె మీద కూలబడ్డాడు. "పదిన్నరేళ్ల దూరంలో ఉండేది ఇప్పుడు తిప్పితే ఇప్పుడే ఎట్టా ఆగుద్దండీ?" అన్నాడు. ఎవరిని అడిగాడో తెలియదు. తర్వాత లేచి, కన్యకమ్మ ముందుకు పోయి చేతులు జోడించాడు. ఆమెకు కనిపించదని గుర్తొచ్చినట్టుంది, వంగి ఆమె పాదాలు తాకాడు. "తప్పైందమ్మా. నీ చెయ్యి కాదు. నీ చెయ్యి నేర్చుకున్నది వేరే ఉంది."

సెట్టు సంగతి కూడా మరిచిపోయి వీధిలోకి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ పెరట్లో అడుగు పెట్టలేదు. కాని ఊళ్లో ఎవరైనా కన్యకమ్మ మీద జోకు వేస్తే కర్ర ఎత్తేవాడని విన్నాను.

"నమ్మావా?" అంది ఆమె.

"నమ్మానక్కా."

"పంపే సెట్టు కొత్తది తెప్పించి జవాబు పంపుదామా మరి? మనల్ని వింటున్నారుగా."

భూషణం ఆమె చేతులు వదిలి లేచాడు. కార్ఖానాలోకి పోయి రేకు కత్తెర తెచ్చాడు. "నమ్మాను కాబట్టే వద్దంటున్నా. నేను ఎగ్గొట్టిన ఆరు రోజులు ఇరవై ఒక్కేళ్లు గుర్తు పెట్టుకుని, ఒక్కటి తగ్గకుండా తెచ్చి ముందర పెట్టారు. నా బతుకులో ఇట్టాంటివాళ్లను ఒక్కణ్ని కూడా చూళ్లేదు. ఇంత కచ్చితంగా ఉండేవాళ్లతో పెట్టుకునేంత గట్టివాణ్ని కాదక్కా నేను."

ఆమె కాదనలేదు. ఆ రోజు రెండు పూటలా అన్నం తిన్నదని వంటావిడ పక్కింటివాళ్లతో చెప్పింది. భూషణం నా డబ్బా ఊడదీసి, వైరు మూడు ముక్కలు చేసి, నన్ను దిమ్మె దించి గోదాము వెనక వెల్లకిలా పడేయించాడు. డబ్బా లేకపోతే నేను చెవిటినని ఆయన అనుకున్నాడు. అది నిజం కాదు. అందింది చేరవెయ్యడానికే నాకు డబ్బా కావాలి. అందుకోవడానికి అక్కర్లేదు.

ఇక నా లెక్క. కష్టపడి పంపింది ముప్పై అయిదు రోజుల పిలుపు. తిరిగి వచ్చింది పంపని ఆరు రోజులు. కన్యకమ్మ మాట నిలబడింది. మరో నాలుగేళ్లు ఆ మాట మీదే బతికి, నిద్రలో పోయింది. ఎదురు చూసిన ఇరవై ఒక్కేళ్లకు అది చాలిన ప్రతిఫలమే అనుకుంటాను. అక్కడికి సరిపోయింది.

మిగులు ఒకటి ఉంది. వైరు కోసిన మర్నాడు, మంగళవారం, నాలుగు నిమిషాలు ముందుగా అది గోదాము వెనక్కి వచ్చింది. నలభై రెండు దెబ్బలు కొట్టింది. మూడో దెబ్బ దగ్గర ఆగలేదు. అయిదోదాన్ని మాత్రం, ప్రతిసారీ, కాసేపు ఎక్కువ నొక్కి పట్టింది.